1279 తర్వాత ఏమైంది? – ‘యుగానికి ఒక్కడు’ తరఫున కొన్ని మాటలు

ఒక సినిమా చూసి వచ్చి, నలుగురిలో దాన్ని తీసిపారేసి, కొన్నేళ్ళ తర్వాత అదే నలుగురి ముందు ‘పొరబడ్డాను’ అని ఒప్పుకోవడం కొంచెం ఇబ్బందికరమైన పని. ఈ టపాలో నేను చేయబోతున్నది ఆ పనే.

2010 సంక్రాంతికి తమిళంలో సెల్వరాఘవన్ దర్శకత్వంలో ‘ఆయిరత్తిల్ ఒరువన్’ అనే సినిమా విడుదలైంది. కొద్ది వారాలకే ‘యుగానికి ఒక్కడు’ అనే పేరుతో తెలుగులోకి వచ్చింది. కార్తి, రీమా సేన్, ఆండ్రియా, పార్తిబన్ ముఖ్య పాత్రధారులు. సంగీతం జి.వి. ప్రకాశ్ కుమార్. (ఇదే పేరుతో 1965లో బి.ఆర్. పంతులు తీసిన ఎం.జి.ఆర్. సినిమా వేరే ఉంది. కథలో ఆ రెండింటికీ సంబంధం లేదు.)

నేను మొదట చూసినది తెలుగు అనువాదమే. విశ్రాంతి దాకా హాలు ఈలలతో హోరెత్తిపోయింది. విశ్రాంతి తర్వాత ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. చివరిదాకా కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి గానీ, అది ఇష్టంతో కాదు, టిక్కెట్టు డబ్బుల మీది మమకారంతో. బయటికొచ్చి మిత్రులతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: “సగం సాహసయాత్ర, సగం సన్నిపాతం.” అప్పట్లో వచ్చిన సమీక్షల్లో చాలావాటి తాత్పర్యమూ ఇంచుమించు అదే. ఆ మాట అన్నందుకు చప్పట్లు కూడా పడ్డాయి కనుక, ఇన్నాళ్ళూ దాన్ని వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

తర్వాత వేరే పని మీద నీలకంఠశాస్త్రి గారి చోళచరిత్ర చదవవలసి వచ్చింది. చివరి అధ్యాయాల దగ్గరికి వచ్చేసరికి ఈ సినిమా మళ్ళీ మళ్ళీ గుర్తుకు రాసాగింది. రెండోసారి చూశాను, ఈసారి తమిళంలో. ఆ తర్వాత నా పాత మాట నాకే రుచించలేదు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. క్రీ.శ. 1279. పాండ్యుల చేతిలో చోళరాజ్యం కూలిపోతోంది. ఓటమి తప్పదని తెలిసిన చోళరాజు తన కొడుకును, కొంత ప్రజను, పాండ్యులకు చెందిన ఒక దేవతావిగ్రహాన్ని రహస్యంగా సముద్రం దాటించి పంపేస్తాడు. తర్వాత ఏడు వందల ఏళ్ళు గడిచిపోతాయి. మన కాలంలో ఒక పురావస్తు శాస్త్రవేత్త ఆ ఆచూకీ వెదుకుతూ మాయమవుతాడు. అతణ్ణి వెదకడానికి ఒక అధికారిణి, శాస్త్రవేత్త కూతురు, కూలీలు, వాళ్ళ నాయకుడు ముత్తు, కొంత సైన్యం బయలుదేరుతారు. వియత్నాం దగ్గరి ఒక దీవిలో, చోళులు దారి పొడవునా పన్నిన ఉచ్చులన్నీ దాటి, చివరికి కొండగుహల్లో బతుకుతున్న చోళుల దగ్గరికి చేరతారు. అక్కడ రాజు ఉన్నాడు, సింహాసనం ఉంది, పులిజెండా ఉంది. తిండి లేదు. తంజావూరు నుంచి దూత వస్తాడనీ, తమను తిరిగి తీసుకుపోతాడనీ ఆ జనం తరతరాలుగా ఎదురుచూస్తున్నారు. ఆ అధికారిణి తానే ఆ దూతనని నమ్మిస్తుంది. నిజానికి ఆమె పాండ్య వంశస్థురాలు. విగ్రహం కోసం, పగ కోసం వచ్చింది. తాగే నీళ్ళలో విషం కలిసిపోతుంది, ఆధునిక సైన్యం దిగుతుంది. ఆడవాళ్ళు బలాత్కారాలకు గురవుతారు, రాజు చనిపోతాడు, మిగిలినవాళ్ళు రాజు వెంటే సముద్రంలో మునిగిపోతారు. ముత్తు మాత్రం చోళ బాలుణ్ణి ఒకణ్ణి తీసుకుని తప్పించుకుంటాడు.

ఈ సినిమా మీద వచ్చిన అభియోగాలను నాలుగు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి, ఇది చరిత్రను వక్రీకరించింది. రెండు, ఒక విగ్రహం కోసం వందల ఏళ్ళు పగ పట్టి సముద్రాలు దాటడం నమ్మశక్యం కాదు. మూడు, చోళులకూ వియత్నాం దీవికీ ముడి పెట్టడం హాస్యాస్పదం. నాలుగు, అంత హింస అనవసరం, పైగా అంతటి చోళులను ఆటవికులుగా చూపించడం అపచారం. నా పాత అభిప్రాయంలో ఈ నాలుగూ ఉన్నాయి. కనుక నాకు నేనే జవాబు చెప్పుకుంటున్నానని అనుకోండి.

మొదటి అభియోగం. చరిత్రకు తెలిసిన ఆఖరి చోళరాజు మూడవ రాజేంద్రుడు. 1246లో అధికారానికి వచ్చాడు. 1279లో మారవర్మ కులశేఖర పాండ్యుడు ఇతణ్ణీ, ఇతనికి అండగా నిలిచిన హొయ్సళ రామనాథుణ్ణీ ఓడించాడు. ఆ ఏటి తర్వాత రాజేంద్రుడి పేరున శాసనం లేదు. అతను యుద్ధంలో చనిపోయాడా, చెరలో చనిపోయాడా, కొడుకులుంటే వాళ్ళేమయ్యారు అన్నదానికి రాయి మీద ఒక్క అక్షరం లేదు. గుడి దీపానికి తొంభై గొర్రెలిచ్చినా రాతి మీద చెక్కించుకున్న రాజ్యం అది. తన చావు గురించి మాత్రం ఏమీ చెప్పకుండా పోయింది.

సెల్వరాఘవన్ కథ మొదలయ్యేది సరిగ్గా ఆ మౌనం దగ్గర. చరిత్ర మాట్లాడిన చోట దాన్ని కాదని వేరే చెబితే వక్రీకరణ. చరిత్ర మాట్లాడని చోట ఊహించడానికి ఆ పేరు పెట్టలేం. రాజరాజు కాలాన్నో, రాజేంద్రుడి దండయాత్రలనో ఎంచుకుని వాటిలో తనకిష్టం వచ్చినట్టు మార్పులు చేసి ఉంటే నేనూ అభ్యంతరం చెప్పేవాణ్ణి. ఆయన ఎంచుకున్నది శాసనాలు ఆగిపోయిన ఏడు.

ఆ పతనం కూడా ఒక్కనాటి సంగతి కాదు. అంతకు అరవై ఏళ్ళ ముందు నుంచీ చోళరాజులు ఇతరుల దయాధర్మం మీదే బతుకుతున్నారు. 1216–17 ప్రాంతంలో మారవర్మ సుందర పాండ్యుడు చోళదేశం మీద పడి తంజావూరునూ, ఉరైయూరునూ కాల్చివేశాడు. చోళుల పట్టాభిషేక మండపంలోనే తాను వీరాభిషేకం చేయించుకున్నాడు. ఆ తర్వాత హొయ్సళులు కల్పించుకోవడంతో రాజ్యాన్ని మూడవ కులోత్తుంగుడికి తిరిగి ఇచ్చాడు. ‘చోళనాడును దానం చేసినవాడు’ అన్న అర్థం వచ్చే బిరుదు కూడా తగిలించుకున్నాడు. తర్వాతి రాజు మూడవ రాజరాజును 1231లో కాడవ నాయకుడు కొప్పెరుంజింగడు పట్టుకుని శేందమంగలంలో బంధించాడు. విడిపించడానికి హొయ్సళ వీరనరసింహుడి దండనాథులు రావలసి వచ్చింది. శ్రీవిజయం మీదికి నౌకలు నడిపిన వంశం వారసుడు సొంత సామంతుడి చెరలో కూర్చున్నాడు!

సినిమాలో పార్తిబన్ పోషించిన రాజు నవ్వుతూనే ఏడుస్తున్నట్టుంటాడు. కిరీటం ఉంది, దాని కింద ఏమీ లేదు. అది నటుడి వికారపు చేష్ట అనుకున్నాను మొదట. పదమూడో శతాబ్దపు చోళరాజుల స్థితి తెలిశాక, ఆ పాత్రను అంతకంటె చరిత్రకు దగ్గరగా ఎలా పోషించవచ్చో నాకు తోచలేదు.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక సంగతి. ఈ చివరి చోళులు కేవలం తంజావూరు చోళులు కారు. రాజరాజ చోళుడి కూతురు కుందవ వేంగీ చాళుక్య విమలాదిత్యుడి భార్య. వాళ్ళ కొడుకే నన్నయ భారతాన్ని వ్రాయించిన రాజరాజనరేంద్రుడు. ఆయన మళ్ళీ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగను పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకు 1070లో చోళ గద్దెనెక్కి మొదటి కులోత్తుంగ చోళుడయ్యాడు. మధ్యలో దౌహిత్రులూ రాజులయ్యారు గానీ, 1070 తర్వాతి చోళ సింహాసనం ఈ కుదురుదే. అంటే ఆ కథలో ఓడ ఎక్కించిన పసివాడు రాజమహేంద్రవరానికీ ఏదో వరస అవుతాడు. ‘అరవవాళ్ళ గొడవ మనకెందుకు’ అని హాల్లో నా వెనక వరసలో ఒకాయన విసుక్కున్నాడు. అప్పుడు నాకీ లెక్క తట్టలేదు.

రెండవ అభియోగం విగ్రహం గురించి. ఇదే నాకు అన్నిటికంటె బలమైన ఆక్షేపణగా ఉండేది. రాజ్యాలు పోయి, రాజులు పోయి, ఓట్లు వచ్చిన కాలంలో కూడా ఒక విగ్రహం కోసం సముద్రాలు దాటే పిచ్చివాళ్ళుంటారా?

అసలు చరిత్రలో జరిగినది వినండి. పదవ శతాబ్ది తొలినాళ్ళలో మొదటి పరాంతక చోళుడు మదురను జయించాడు. పాండ్యరాజు రాజసింహుడు సింహళానికి పారిపోయాడు. అక్కడా నిలదొక్కుకోలేక తల్లి పుట్టిల్లయిన కేరళకు వెళ్ళిపోతూ, తన వంశపు కిరీటాన్నీ రాజచిహ్నాలనూ సింహళ రాజు దగ్గరే వదిలాడు. పరాంతకుడికి దేశం చిక్కింది గానీ కిరీటం చిక్కలేదు. ఆ కిరీటం లేకుండా మదురలో తన పట్టాభిషేకానికి విలువ లేదని అతను భావించాడు. కొన్నేళ్ళ తర్వాత, సింహళంలో నాల్గవ ఉదయుడి కాలంలో, వాటిని ఇమ్మని కబురు చేశాడు. ఇవ్వలేదు. సైన్యాన్ని పంపాడు. ఉదయుడు ఆ నగలతో సహా దక్షిణాన రోహణ కొండల్లోకి పారిపోయాడు. చోళసైన్యం ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

కథ అంతటితో ఆగలేదు. పరాంతకుడు పోయాడు. అతని కొడుకులు, మనుమలు పోయారు. ఇంచుమించు నూరేళ్ళ తర్వాత, 1017 ప్రాంతంలో రాజేంద్ర చోళుడు సింహళాన్ని జయించి, అక్కడి రాజు కిరీటంతో పాటు పాండ్యుడు దాచిన కిరీటాన్నీ, ఇంద్రుడిచ్చాడని చెప్పుకునే హారాన్నీ పట్టుకొచ్చానని తన ప్రశస్తిలో చెక్కించుకున్నాడు. సింహళరాజు ఐదవ మహిందుడు చోళదేశపు చెరలోనే 1029లో చనిపోయాడు. ఈ కథలో తొలిభాగం సింహళుల వంశకథలో ఉంది, చివరిభాగం చోళ శాసనాల్లో ఉంది. ఇరుపక్షాలూ చెప్పిన మాట అన్నమాట.

ఓడిన రాజు తన వంశచిహ్నాన్ని సముద్రం అవతల దాచడం, గెలిచిన వంశం దాన్ని తరాల తరబడి మరవకపోవడం, చివరికి నౌకలెక్కి వెళ్ళి తెచ్చుకోవడం: సెల్వరాఘవన్ కథకు పునాది రాయి ఇదే. ఆయన చేసినదల్లా పాత్రలను తారుమారు చేయడం. ఇక్కడ దాచినది పాండ్యుడు, వెదికినది చోళుడు. సినిమాలో దాచినది చోళుడు, వెదికినది పాండ్యులు. దర్శకుడికి ఈ ఉదంతం తెలిసి వాడుకున్నాడో, తనంతట తానే అక్కడికి చేరాడో, ఎలాగైనా ఇది ఆ కాలపు రాజుల మనస్సును సరిగ్గా పట్టుకున్న ఊహ. మనకు కిరీటం ఒక లోహం. వాళ్ళకు అది లేకపోతే గెలుపే పూర్తి కాదు.

మూడవ అభియోగం, వియత్నాం. చోళులు చైనాకు 1015లో, 1033లో, 1077లో రాయబారులను పంపారు. సుమత్రా దీవిలో బరూస్ దగ్గర 1088 నాటి తమిళ వర్తకశ్రేణి శాసనం దొరికింది. ఇక నన్ను ఆశ్చర్యపరచినది మరొకటి. దక్షిణ చైనాలోని చ్వాన్‌జౌ రేవులో తమిళంలో వ్రాసిన శాసనం ఒకటుంది. అక్కడ ఒక శివాలయంలో, ఆ దేశపు ఖాన్ క్షేమం కోసం, దేవుణ్ణి ప్రతిష్ఠించినట్టు చెబుతుంది. కాలం 1281. చోళరాజ్యం మాయమైన రెండేళ్ళకు! ఆ తమిళులు వర్తకులే తప్ప పారిపోయిన రాజకుటుంబం కాదు. నేను అలా అనడం లేదు. కానీ 1279లో కావేరీ తీరం నుంచి తూర్పు సముద్రాల్లోకి వెళ్ళాలనుకున్నవాడికి దారి ఉంది, ఓడలున్నాయి, ఆ చివర తన భాష మాట్లాడే మనుషులూ, శివుడి గుడీ ఉన్నాయి. పశ్చిమ తీరానికి కాకుండా ఆ దిక్కుకే కథ నడిపించడం హాస్యాస్పదం ఎలా అవుతుంది?

అన్నట్టు, అదే 1279లో, అదే దక్షిణ చైనా తీరంలో, మరొక రాజవంశం కథ ముగిసింది. మంగోలులు తరుముతుండగా సుంగ్ వంశపు చివరి బాల చక్రవర్తిని ఓడల్లో పెట్టుకుని తిరిగిన కొలువు యామెన్ దగ్గర ఓడిపోయింది. మంత్రి ఒకడు ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుని సముద్రంలోకి దూకాడు. ఆ వెంటే ఎంతోమంది దూకారు. ‘యుగానికి ఒక్కడు’ చివర చోళ ప్రజ రాజు వెంట సముద్రంలోకి మునిగిపోయే దృశ్యాన్ని అతి అని మనం కొట్టిపారేశాం. అతి చేసింది దర్శకుడు ఒక్కడే కాదు. ఆ ఏడాదే అతిగా ఉంది.

నాలుగవ అభియోగానికి వస్తాను. హింస. నిజమే, ఆ దృశ్యాలు చూడటం కష్టం. రెండోసారి చూసినప్పుడూ కొన్నిచోట్ల కళ్ళు తిప్పుకున్నాను. కానీ ‘ఇంత క్రూరత్వం మన రాజులకు అంటగట్టాడు’ అన్న మాట దగ్గర ఆగాలి. మారవర్మ సుందర పాండ్యుడి ప్రశస్తి చూడండి. చోళుల మేడలూ, మండపాలూ, ప్రాకారాలూ కూల్చామనీ, ఆడవాళ్ళ కన్నీళ్ళు ఏరులై పారాయనీ, ఆ నేలను గాడిదలతో దున్నించి కవడి విత్తామనీ అందులో ఉంది. ఇది ఓడినవాళ్ళు చేసిన ఫిర్యాదు కాదు, గెలిచినవాళ్ళు కవిచేత వ్రాయించుకున్న పొగడ్త! అంతకు పదేళ్ళ ముందు మూడవ కులోత్తుంగుడు మదురలో పాండ్యుల పట్టాభిషేక మండపాన్ని కూలగొట్టించాడు. దానికి ఇది బదులు. అదే రాజు శాసనాల్లో మరొక మాట కూడా ఉంది. ఎప్పుడో కరికాల చోళుడు ఒక కవికి కానుకగా ఇచ్చిన పదహారు కాళ్ళ మండపాన్ని మాత్రం కూల్చకుండా వదిలామని. కవిత్వం పట్ల అంత మర్యాద, మనుషుల పట్ల అంత కాఠిన్యం, రెండూ ఒకే రాజు శాసనాల్లో.

చోళులు తక్కువ తిన్నారా? 1007 నాటి హొట్టూరు శాసనం పశ్చిమ చాళుక్యులది. చోళసైన్యం వచ్చి దేశాన్ని దోచిందనీ, స్త్రీలనూ, పిల్లలనూ, బ్రాహ్మణులనూ చంపిందనీ అందులో మొర పెట్టుకున్నారు. శత్రువు వ్రాసినది కనుక కొంత తగ్గించుకుని చదవాల్సిందే. ఎంత తగ్గించినా మిగిలేది చిన్నది కాదు. ఆ చోళులే తంజావూరు పెద్దగుడినీ కట్టించారు, శిల్పులను పోషించారు. సినిమా చేసిన పాపమల్లా ఆ గుడిని చూపించకుండా, ఆ సైన్యం చేసే పనిని చూపించడం. అదీ చోళుల మీద జరిగినట్టు చూపించింది. ఒకనాడు ఇతరుల ఊళ్ళ మీద వాళ్ళు నడిపినదే ఏడు వందల ఏళ్ళ తర్వాత వాళ్ళ గుహల్లోకి వచ్చింది.

ఈ సినిమా విడుదలకు ఎనిమిది నెలల ముందు, 2009 మే నెలలో, శ్రీలంకలో యుద్ధం ముగిసింది. సముద్రతీరపు సన్నని నేలలో చిక్కుకున్న సామాన్య తమిళుల కథ లోకానికి తెలిసినదే. తమిళ ప్రేక్షకులు చాలామంది ఈ సినిమా చివరి భాగంలో దాన్నే చూశారు. చిత్రీకరణ 2007లోనే మొదలైంది కనుక కథంతా దాని గురించే అనడం సబబు కాదు. అయితే పులిజెండా కింద ఆకలితో ఉన్న జనాన్నీ, వాళ్ళ మీదికి తుపాకులతో వచ్చిన సైన్యాన్నీ 2010 జనవరిలో చెన్నైలో కూర్చుని చూసినవాడికి అది కేవలం పాతకథగా కనిపించి ఉండదు. తెలుగు హాల్లో మాకు ఆ నొప్పి లేదు. అందుకే మేము చులాగ్గా లేచి వచ్చేశాం.

‘మన కాలంలో అలాంటి రాజు ఎక్కడో అడవిలో మిగిలి ఉండటం, ప్రభుత్వ బలగాలు అతణ్ణి కాల్చడం... కట్టుకథకైనా ఒక హద్దుండాలి’ అని కూడా అనుకున్నాను మొదట. తెలుగువాడిగా నేను అనకూడని మాట అది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు అడవుల్లోకి వెళ్ళి అక్కడ రాజ్యం స్థాపించాడని ఆ వంశం వారి సంప్రదాయం. 1703 నాటి దంతెవాడ శాసనం కూడా తమ మూలం కాకతీయులదేనని చెబుతుంది. అన్నమదేవుడి బంధుత్వం గురించి చరిత్రకారుల్లో చర్చలుండవచ్చు, కానీ ఆ వంశం ఆరు వందల ఏళ్ళకు పైగా బస్తరులో నిలిచింది. దంతేశ్వరీదేవికి పూజారిగా, అడవిబిడ్డలకు రాజుగా వారికి పేరు. ఆ గద్దె మీద కూర్చున్న ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్‌కు ఆ వారసత్వం తల్లి వైపు నుంచి వచ్చింది. (ప్రతాపరుద్రుడూ రుద్రమదేవికి దౌహిత్రుడే కదా.) 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో పోలీసుల కాల్పుల్లో ఆయన చనిపోయాడు. ఆయనతో పాటు గిరిజనులూ చనిపోయారు. స్వతంత్ర భారతదేశంలో, ఎన్నికలు జరుగుతున్న కాలంలో, రైళ్ళూ రేడియోలూ ఉన్న కాలంలో.

మన పాఠ్యపుస్తకాల్లో కాకతీయుల కథ ఓరుగల్లు పతనంతో ఆగుతుంది. వేయిస్తంభాల గుడి, రామప్ప, గొలుసుకట్టు చెరువులు, రుద్రమ కత్తి... తర్వాత ఏమైందని మనం అడగం. 2022 జులైలో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహానికి బస్తరు నుంచి ఆ వంశీకుణ్ణి పిలిచినప్పుడు, ‘వీళ్ళు ఇంకా ఉన్నారా?’ అని నేనే ఆశ్చర్యపోయాను. సినిమాలో చోళుల గుహ చూసి కూలీల ముఖాల్లో కనబడే ఆశ్చర్యం కూడా అలాంటిదే.

సినిమాలో తప్పులు లేవని నా వాదన కాదు. మొదటి సగంలో కార్తికీ ఆ ఇద్దరు ఆడవాళ్ళకూ మధ్య నడిచే మోటు సరసం కథకు ఏ విధంగానూ అక్కరలేదు. దారిలో ఎదురయ్యే ఆదివాసులను నరమాంసభక్షకులుగా, అరుపులుగా మాత్రమే చూపడం అన్యాయం. ఓడినవాళ్ళ పక్షం వహించిన సినిమా, వాళ్ళకంటె నోరులేనివాళ్ళను అలా చూపడం మరీ అన్యాయం. గ్రాఫిక్స్ చాలాచోట్ల తేలిపోయాయి. రెండో సగంలో ఎవరు ఎవరిని ఎందుకు నమ్ముతున్నారో అర్థం కావడానికి నాకు రెండుసార్లు పట్టింది. ప్రేక్షకుడు డబ్బిచ్చి రెండుసార్లు చూడాలని కోరే హక్కు ఏ దర్శకుడికీ లేదు. ఇవన్నీ సమీక్షకులు చెప్పారు, సరిగానే చెప్పారు. వాళ్ళతో నా పేచీ వీటి దగ్గర కాదు, చరిత్ర పేరు చెప్పి కొట్టిన దెబ్బల దగ్గర.

కాలం ఈ సినిమా పట్ల కొంత దయ చూపింది. 2020 డిసెంబరు 31న తమిళనాడు హాళ్ళలో మళ్ళీ విడుదల చేస్తే యువకులు పండుగలా చూశారు. 2021లో సెల్వరాఘవన్ ఒక సంగతి బయటపెట్టాడు. అసలు ఖర్చు 18 కోట్లే అయినా, భారీ చిత్రమనిపించడానికి 32 కోట్లని ప్రకటించారట. పెట్టినది తిరిగొచ్చినా ఆ ప్రకటించిన అంకె ముందు సినిమా సాదాసీదాగా తేలిందని, అది తమ తెలివితక్కువతనమని ఆయనే అన్నాడు. గొప్పతనాన్ని పెంచి చెప్పుకుంటే ఏమవుతుందో చెప్పే సినిమాకే ఆ గతి పట్టడం విచిత్రం.

2022, 2023ల్లో మణిరత్నం ‘పొన్నియిన్ సెల్వన్’ రెండు భాగాలూ వచ్చాయి. చూశాను, ఆనందించాను. ఆ చోళులు అందంగా ఉన్నారు, గుర్రాల మీద ఉన్నారు, ఇంకా ఎదగబోతున్నారు. అలాంటి చోళులను ప్రేమించడం తేలిక. సెల్వరాఘవన్ చూపిన చోళుడు పాలులేని తల్లుల మధ్య, ఎముకలు తేలిన పిల్లల మధ్య కూర్చుని, తంజావూరుకు వెళదామని కలలు కంటున్నవాడు. అతని వెనక రాజరాజూ రాజేంద్రుడూ ఉన్నారు, ముందు అన్నం లేదు. మనకు మొదటి బొమ్మ కావాలి, రెండోది వద్దు. సినిమాను హాల్లో వదిలి లేచి వచ్చినవాళ్ళం లేచినది ఆ రెండో బొమ్మ ముందు నుంచే అని ఇప్పుడు నాకనిపిస్తుంది.

గెలిచిన పాండ్యుల సంగతీ చెప్పి ముగిస్తాను. 1279 విజయం తర్వాత వాళ్ళ వైభవం ఎంతకాలం? ముప్పై రెండేళ్ళు. కులశేఖరుడి కొడుకులిద్దరూ గద్దె కోసం కొట్టుకుంటుండగా 1311లో మాలిక్ కాఫూర్ మదుర మీదికి వచ్చాడు. మరికొన్నాళ్ళకు ఆ ఊరే సుల్తానుల రాజధాని అయింది. పాండ్యుల శేషం దక్షిణాన తెన్‌కాశికి తరలిపోయి చిన్న పాలకులుగా కొన్ని తరాలు బతికింది. వాళ్ళూ మదుర వైపు చూస్తూ, ఎప్పుడో ఒకనాడు తిరిగి వెళతామనే అనుకుని ఉంటారు.

‘సగం సాహసయాత్ర, సగం సన్నిపాతం’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఆనాడు విశ్రాంతి తర్వాత లేచి వెళ్ళిపోయిన మిత్రులెవరైనా ఇది చదువుతుంటే, ఒకసారి మళ్ళీ చూడండి. వీలైతే తమిళంలో చూడండి. గుహలోని చోళులు మాట్లాడే ఆ పాతభాష పూర్తిగా అర్థం కాకపోయినా ఫరవాలేదు. వాళ్ళ ముందు నిలబడిన కూలీ ముత్తుకూ మొదట అర్థం కాలేదు.